దేశనూరు నిలువు వరస

బస్సు ముక్కులోంచి ఆవిరి బుస్సుమని లేచింది. ఏడూ నలభై. పదకొండు గంటలకు బళ్లారిలో కాలవల ఇంజనీరు గదిలో విచారణ, ఇంకా ముప్పై మైళ్లకు పైగా దారి. అందరూ బిలబిలా దిగిపోతుంటే వెంకటరత్నం మాత్రం ఒళ్లో ఉన్న కాగితపు చుట్టను ముందు తడిమి చూసుకుని, దాన్ని చంకలో ఇరికించుకుని, అప్పుడు దిగాడు. ఆ చుట్ట విప్పితే ఒక మనిషి ఉద్యోగం పోతుంది. ఆ మనిషి ఇదే బస్సులో వెనక సీట్లో కూర్చుని వచ్చాడు. ఇప్పుడు కల్వర్టు గోడకు చేరగిలబడి తలపాగా విప్పి దుమ్ము దులుపుకుంటున్నాడు. పేరు ఉచ్చెంగెప్ప. దేశనూరు దగ్గర పిల్లకాలవ కొసన గేజి చూసే లష్కరు. రోజూ పొద్దున ఆరింటికి కాలవలో పాతిన కొలత రాయి మీద నీళ్లు ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు ఉన్నాయో చూసి చీటీ రాసి సిరుగుప్ప ఆఫీసుకు పంపడం అతని పని. ఆ చీటీలను రిజిస్టరులో ఎక్కించడం గుమాస్తా వెంకటరత్నం పని. దొంగ కొలతలు రాశాడని తన మీద విచారణ అని ఉచ్చెంగెప్పకు తెలుసు. ఆ దొంగతనం కనిపెట్టింది ఎవరో మాత్రం తెలియదు.

కండక్టరు గాళెప్ప ఖాళీ డబ్బా పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "ఈ పక్క బాయిల్లో నీళ్లన్నీ ఉప్పు. పోస్తే రేడియేటరు సచ్చిపోతాది. తియ్యనీళ్లు కావాలంటే రెండు మైళ్లు నడవాల."

"యాడికీ నడవద్దప్పా," అన్నాడు ఉచ్చెంగెప్ప. "నీళ్లే ఈడికి నడిచొస్తాండాయి."

గాళెప్ప కల్వర్టు కిందికి వంగి చూశాడు. కాలవ అడుగున నల్లమట్టి పలకలు పలకలుగా పగిలి ఉంది. "యాడొస్తాండాయప్పా? నీ తలపాగాలో కట్టుకొచ్చినావా ఏమి?"

"తెల్లారుజామున అయిదింటికి తూము ఎత్తినారు. ఈడికి మూడు మైళ్లు. ఎనిమిదిన్నర దాటనీ, నువ్వే డబ్బా ముంచుకుంటావు."

"అయ్యో దేవుడా," అంది వంకాయల గంప మీద చెయ్యేసి కూర్చున్న తిమ్మమ్మ. "ఈయప్ప నీళ్లు వచ్చేటప్పటికి నా కాయలు వాడి వత్తులవుతాయి. బళ్లారి బ్రూస్‌పేటలో ఎవురు కొంటారు? బేగ రమ్మని ఒక కాయిదం రాయప్పా నీళ్లకి, రాసేది బాగా వచ్చంట కదా నీకు!"

అందరూ నవ్వారు. ఉచ్చెంగెప్ప కూడా నవ్వాడు. వెంకటరత్నం నవ్వబోయి ఆగిపోయాడు. రాసేది బాగా వచ్చంట కదా. ఊరంతా అప్పుడే తెలిసిపోయిందన్నమాట. తెలియకేం, తుంగభద్ర నీళ్ల మీద బతికే తాలూకాలో నీళ్ల దొంగ అంటే చాలు, సంతలో ఆ మాట ఉల్లిపాయల కంటే ముందు అమ్ముడవుతుంది. కల్వర్టు గోడకు అవతలి కొసన, ఉచ్చెంగెప్పకు వీలైనంత దూరంగా కూర్చున్నాడు. గోడ అప్పుడే వేడెక్కుతోంది. చుట్టను మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. నాలుగు ఫుల్‌స్కేపు ఠావులు జిగురుతో అతికించిన పట్టిక అది. అంత పెద్ద పట్టిక సిరుగుప్ప ఆఫీసులో అంతకుముందు ఎవరూ గియ్యలేదు. అతికించిన చోట గీత పక్కకి జరగకుండా రూళ్లకర్ర కింద తడి గుడ్డ పెట్టి గీశాడు. ఇంజనీరు ఎర్ర పెన్సిలు అడిగి తెప్పించుకుని మరీ చూశాడు. ఆ ఎర్ర గుర్తులు ఇప్పుడు చుట్ట లోపల ఉన్నాయి, అన్నీ ఒకే వరసలో, ఉచ్చెంగెప్ప వరసలో.

అసలు ఆ పని ఎంత చిన్నది! రిజిస్టరులో చీటీలు వచ్చినవి వచ్చినట్టు ఒకదాని కింద ఒకటి ఎక్కించి ఉంటాయి. తేదీ, కాలవ పేరు, తలతూమా కొసా, ఎన్ని అడుగులు. అయిదు పిల్లకాలవలు, ఒక్కోదానికి తల దగ్గర ఒక గేజి, కొసన ఒక గేజి, ఆగస్టు నెలకు ముప్పై ఒక్క రోజు. మూడు వందల పది అడ్డ వరసలు. ఒక చీటీ సైకిలు మీద పొద్దున్నే వస్తుంది, ఒకటి సాయంత్రం బస్సులో వస్తుంది, ఒకటి రెండు రోజుల తర్వాత ఎవరి పంచె కొంగులోనో నలిగి వస్తుంది. అన్నీ కలగాపులగం. ఏ కాలవ సంగతీ ఏ పేజీ చూసినా తెలియదు. దేశనూరు రైతులు శ్రావణమాసంలో నారు ఎండిపోయిందని అర్జీ పెట్టుకున్నారు. కొత్త ఇంజనీరు వచ్చి రిజిస్టరు ముందేసుకుని రెండు రోజులు తిప్పి, చివరికి దబ్బున మూసేసి, అడ్డంగా ఉన్నదంతా నాకు నిలువుగా కావాలి అన్నాడు. తేదీలు ఎడమ పక్కన పైనుంచి కిందికి, గేజీలు పైన అడ్డంగా, ఏ కొలత ఏ గడిలో ఉండాలో ఆ గడిలో. వెంకటరత్నం మూడు రోజులు కూర్చున్నాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు అరల్లో పడేసినట్టు ఒక్కో అంకెనూ తీసుకెళ్లి దాని గడిలో వేశాడు. వేసిన ప్రతి అంకె మీదా రిజిస్టరులో పెన్సిలు చుక్క పెట్టాడు. మూడు వందల పది చుక్కలు. ఒక్క గడి ఖాళీ లేదు, ఒక్క అంకె తప్పు లేదు. ఇప్పటికీ లేదు. కావాలంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

పట్టిక పూర్తయినరోజు ఇంజనీరు దాని ముందు నిలబడి ఒక్కో వరసా పైనుంచి కిందికి చదివాడు. నాలుగు కాలవల్లో తల వరసా కొస వరసా అన్నదమ్ముల్లా పక్కపక్కన నడుస్తున్నాయి. తలలో మూడున్నర ఉంటే కొసన రెండున్నర, తలలో మూడు ఉంటే కొసన రెండు. అయిదో జంట ఒక్కటే అడ్డం తిరిగింది. తూము ఎత్తినరోజు కొసన సున్న. తూము దించేసినరోజు కొసన రెండడుగులు! గేటు మూసి ఉంటే రెండడుగుల నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఆకాశంలోంచా? ఇంజనీరు మైసూరు వైపు మనిషి, తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు. "ఈ లష్కరు గేజి దగ్గరికి పోనే పోలేదు. ఇంట్లో మంచం మీద మలగి ఏదో ఒందు నంబరు బరెదుబిట్టాడు," అన్నాడు, పడుకునే రాసిపారేశాడని. నువ్వు మూడు రోజుల్లో చూపించింది నాకు రిజిస్టరు మూడు నెలలు చూసినా కనిపించేది కాదు అని వెంకటరత్నం భుజం తట్టాడు. నీ ఉద్యోగం ఖాయం చెయ్యమని నేనే రాస్తాను అన్నాడు. నాలుగేళ్లుగా తాత్కాలికం గుమాస్తా. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే కాళ్లు నేలకు ఆనలేదు. దేశనూరు లష్కరు మొహం ఎలా ఉంటుందో కూడా ఆ రోజు జ్ఞాపకం రాలేదు. చీటీ మీద వంకర అంకెలు, కింద వేలిముద్రంత సంతకం, అంతే అతను.

"ఏమప్పా రైటరప్పా, అంత దూరం కూసున్నావు?"

వంకర అంకెల మనిషి లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. యాభై దాటి ఉంటాయి. మోకాళ్ల దాకా కాలవ బురద మరక చర్మంలో కలిసిపోయి ఉంది. చేతిలో వేయించిన వేరుశెనక్కాయల పొట్లం. "తిను. మా ఇంటామె ఏంచి పంపించింది. నువ్వుండావని చూసి నాకు ఎంత ధైర్యమొచ్చిందో! నా చీటీలన్నీ చూసినోడివి నువ్వే కదా. నేను ఒక్క దినం తప్పలే, నీకు తెలుసు. ఆ సారుకి నువ్వొక్క మాట చెప్తే వింటాడు."

వెంకటరత్నం నాలుగు కాయలు తీసుకున్నాడు. నోట్లో వేసుకోలేక చేతిలోనే ఉంచుకున్నాడు. ఒక్క దినం తప్పలే. దొంగలందరూ అదే అంటారు. కానీ దొంగ ఎవడైనా ఇంట్లో పడుకుని రాయాలనుకుంటే తూము ఎత్తినరోజు రెండు అని, దించినరోజు సున్న అని రాస్తాడు. ఎప్పుడు ఎత్తుతారో, ఎప్పుడు దించుతారో ఊళ్లో పసిపిల్లకీ తెలుసు. కొత్తగా తవ్విన కాలవ, కట్టలింకా గట్టిపడలేదు, అందుకని రెండ్రోజులు వదిలి రెండ్రోజులు ఆపుతారు. మిగతా నాలుగూ ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. తెలిసి తెలిసి సరిగ్గా తలకిందులుగా రాసే దొంగ ఎవడుంటాడు? అబద్ధం చెప్పేవాడు నమ్మేలా చెబుతాడు కదా. ఈ ఆలోచన మొన్న ఎందుకు రాలేదు? భుజం మీద చెయ్యి పడింది, అందుకు.

ఎండ ఎక్కుతోంది. గాళెప్ప బస్సు నీడలో తుండు పరుచుకున్నాడు. ఎక్కడో జొన్నచేలో ఎవరో పిట్టల్ని అదిలిస్తున్నారు. వెంకటరత్నం కాలవ అడుగున పగుళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. అతను పుట్టిన ఊళ్లో కాలవ ఎన్నడూ ఇలా ఉండేది కాదు. కృష్ణ నుంచి జూన్‌లో వదిలితే మళ్లీ కోతల దాకా గట్లు ఒరుసుకుంటూ పారుతూనే ఉండేది. ఇంటి వెనక మెట్లు, మెట్ల మీద అమ్మ గిన్నెలు తోముకుంటుంటే ఒక గరిటె జారిపోయేది, మర్నాడు కింది లాకుల దగ్గర దొరికిందని పడవవాళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు. నీళ్లు ఎప్పుడొస్తాయి అన్న మాట అక్కడ ఎవరూ అనగా వినలేదు. నీళ్లు ఉంటాయి, అంతే, గాలి ఉన్నట్టు. ఉన్న నీళ్లలో ఎంత లోతని అడుగుతారు గాని ఎక్కడిదాకా వచ్చాయని అడగరు. ఒక గరిటెకైతే వెళ్లడానికి ఒక రోజు పట్టింది. అమ్మ ఆ గరిటె తుడుచుకుంటూ, నిన్న పోయింది ఇవాళ అక్కడ తేలింది అనేది. నిన్న పోయింది. ఇవాళ అక్కడ.

చేతిలో కాయ పటుక్కుమని చిట్లింది.

"ఉచ్చెంగెప్పా, ఇవాళ అయిదింటికి ఎత్తారన్నావు. మూడు మైళ్లకి ఎనిమిదిన్నర దాటుతుందన్నావు. మరి దేశనూరికి?"

"దేశనూరు పద్నాలుగు మైళ్లు కదప్పా. ఎండిన కాలవ, ముందు అది తాగాల. బీటలన్నీ నిండితే గాని ముందుకు నడవవు నీళ్లు. రాత్రి పదైతాది, పదకొండైతాది."

"అయితే ఇవాళ పొద్దున నీ గేజి దగ్గర…"

"సున్న. ఈ పొద్దు నా బదులు నారప చూస్తాండాడు, వాడూ సున్నే రాసింటాడు. ఈ పొద్దు వాళ్లు ఇడిచిందాన్ని రేపు పొద్దున కొలుస్తాము. ఆడ మూసిన దినం కూడా నాకు నిండుగా ఉంటాది. ముందు దినం ఇడిచినేవి ఇంకా దారిలో ఉంటాయి కదా!" ఉచ్చెంగెప్ప వింతగా చూశాడు. "ఏమప్పా, నాలుగేండ్లు కాలవాఫీసులో ఉండావు, ఇది తెలీదా నీకు?"

తెలీదు. నాలుగేళ్లు చీటీల మీద నీళ్లు చూశాడు గాని కాలవలో నీళ్లు రావడం ఒక్కసారీ చూడలేదు. అతనికే కాదు, డ్యాం గోడ కట్టిన చోట రాయీ సున్నం లెక్కలు చూసి మూడు నెలల క్రితం ఈ పక్కకి బదిలీ అయిన ఇంజనీరుకీ తెలీదు. రిజిస్టరులో అడ్డంగా ఉన్నంతకాలం ఏ చీటీ మాట దానిదే. పద్దెనిమిదో తేదీ చీటీకి పంతొమ్మిదో తేదీ చీటీతో పేచీ లేదు. ఒకే గీత మీద తలనీ కొసనీ పక్కపక్కన కూర్చోబెట్టింది తనే. పెట్టగానే అవి ఒకే నీళ్ల గురించి మాట్లాడుతున్నట్టు కనిపించాయి. నిజానికి తల ఇవాళ్టి నీళ్ల సంగతి చెబుతోంది, కొస నిన్నటి నీళ్ల సంగతి. ఎప్పుడూ పారే నాలుగు కాలవల్లో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదు కాబట్టి ఆ పొరపాటు కనపడలేదు. ఆపి వదిలే ఒక్క కాలవలోనే బయటపడింది, బయటపడి ఒక ముసలివాడి మెడకు చుట్టుకుంది. గడులు తప్పు కాదు, అంకెలు తప్పు కాదు. వరస మొత్తం ఒక గడి పైకి జరగాలి, అంతే.

చుట్ట విప్పి గోడ మీద పరిచాడు. నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టాడు. గాళెప్ప కప్పుకున్న పాత పత్రిక అడిగి తెచ్చుకుని దాని అంచున తెల్లగా ఉన్న మేర పొడుగ్గా చించాడు. ఆ చీలికను దేశనూరు నిలువు వరస పక్కన పెట్టి, గీతకు గీత సరిపోయేలా ముప్పై ఒక్క అంకెల్నీ దాని మీద ఎక్కించాడు. తర్వాత చీలికను ఒక గీత పైకి నెట్టాడు. మొదటి తారీఖు సున్న పట్టిక బయటకు పోయింది, అడుగున ఒక గడి ఖాళీ పడింది. మధ్యలో? మూడుకి ఎదురుగా రెండు. మూడుకి రెండు. సున్నకి సున్న. సున్నకి సున్న. మళ్లీ మూడుకి రెండు. ఇంజనీరు ఎర్రగుర్తులు ఒక్కొక్కటీ అర్థం లేకుండా పోతున్నాయి. ఈ ముసలాయన నిజంగానే ఒక్క దినం తప్పలేదు. పదకొండింటికి ఈ చీలిక చూపించాలి. ఉద్యోగం ఖాయం మాట అటుంచి, తప్పు పట్టిక గీసినందుకు చీవాట్లు తప్పవు. పడితే పడనీ. అంకెలు చదువుకుంటూ కిందికి వెళుతున్న పెన్సిలు తొమ్మిదో తారీఖు దగ్గర ఆగింది.

తలలో మూడు. ఎదురుగా రెండు లేదు. ఆరంగుళాలు.

పదో తారీఖు, మూడుకి ఆరంగుళాలు. పదమూడో తారీఖు, మూడుకి ఆరంగుళాలు. చీలికను మళ్లీ కిందికి జరిపి, పైకి జరిపి చూశాడు. ఎలా జరిపినా ఆ మూడూ పోలేదు. పాత పట్టికలో ఇవి ఆ గందరగోళంలో కలిసిపోయాయి; ఇప్పుడు చుట్టూ అన్నీ కుదురుకునేసరికి మూడే మూడు పళ్లు ఊడిన నోరులా కనిపిస్తున్నాయి. దేశనూరు రైతులు అర్జీలో రాసింది కూడా ఆ రోజులే. ఆ మూడు రోజులూ తూములోంచి నీళ్లు బయల్దేరాయి, దేశనూరు చేరలేదు. మధ్యలో ఎవరో తాగేశారు. తొమ్మిది, పది. ఏం వారాలవి? పదిహేను జెండా పండగ, శుక్రవారం. అంటే పది ఆదివారం. తొమ్మిది శనివారం. శనివారం ఆఫీసు అయ్యాక తను ఎక్కడికి వెళ్లాడు?

బాబాయి క్యాంపుకి, కృష్ణ పక్కనుంచి వలసొచ్చినవాళ్లు వేసుకున్న కొత్త ఊరికి. ఈ కాలవ ఎనిమిదో మైలు దగ్గర బాబాయి పున్నయ్య ఇరవై ఎకరాలు. నాట్లు వేస్తున్నాం రారా రత్నం అని కబురు పెడితే వెళ్లాడు. ఆదివారం పొద్దున లేచి చూస్తే మడులన్నీ గట్ల దాకా అద్దంలా నిండి ఉన్నాయి. ఆడవాళ్లు మోకాళ్ల లోతు బురదలో వంగి నాట్లు వేస్తున్నారు. నాంచారమ్మ పిన్ని గోంగూర పచ్చడీ వేడన్నమూ పెట్టింది. పుట్టినూరు వచ్చేసినంత సంతోషం వేసింది. ఇన్ని నీళ్లెక్కడివి బాబాయ్ అని అడిగాడు కూడా. "కాలవ పక్కనే పోతుంటే నీళ్లెక్కడివంటావేంట్రా? గుమాస్తావి, నువ్వు అంకెలు చూసుకో. నీళ్ల సంగతి నాకొదిలెయ్," అన్నాడు బాబాయి నవ్వుతూ. తనూ నవ్వాడు. కాలవ గట్టు మీద కొత్త మట్టి, దాని కింద ఒక గొట్టం మూతి కనిపించాయి. చూశాడు. అన్నం తిన్నాడు. మిగిలిన నాలుగెకరాలూ బుధవారం నాటేశాం అని కబురొచ్చింది తర్వాత. బుధవారం, పదమూడు.

నాన్న పోయినప్పుడు వెంకటరత్నానికి ఏడేళ్లు. బాబాయి తన పిల్లల పక్కనే విస్తరి వేసి పెంచాడు, హైస్కూలు చదివించాడు. ఉన్న రెండెకరాలు అమ్మి ఈ ఎర్రటెండలో నల్లరేగడికొచ్చి, మొదటి ఏడాది గుడారంలో పాములతో కాపురం చేశాడు, చలిజ్వరంతో మూలుగుతూ గట్లు వేశాడు. ఆఫీసులో ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. ఒక్క మడి ఎండితే ఆయన మొహం ఎలా ఉంటుందో వెంకటరత్నానికి తెలుసు. పాత పట్టిక ఉన్నది ఉన్నట్టే ఉంటే బాబాయి పేరు ఎక్కడా రాదు. ఏ చీలికా చూపించక్కర్లేదు. ఈ చుట్ట ఇలాగే చుట్టేసి, పదకొండింటికి విప్పేసి, ఇంజనీరు అడిగినదానికి అవునండి అంటే చాలు. ఎవరూ అబద్ధం ఆడినట్టు కాదు. ప్రతి గడిలోనూ నిజమే ఉంది. లేదా, చీలిక చూపించి ముసలాయన్ని బయటపడేసి, ఆ మూడు రోజులకు చీటీలు తారుమారై ఉంటాయిలెండి అనేస్తే? ముసలాయన బతుకుతాడు, బాబాయీ బతుకుతాడు. కానీ ఇంజనీరు అడుగుతాడు: ఆరంగుళాలు ఎవరు రాశారు? ఉచ్చెంగెప్ప. అయితే ఆ మూడు రోజులు వీడు గేజి చూడలేదన్నమాట! ఎటు తిప్పినా ఆ మూడు గడులు ఎవరో ఒకరి మెడకు చుట్టుకోవాల్సిందే. బాబాయికైతే జరిమానా వేస్తారు, ఆ గొట్టం పీకేస్తారు, ఇక్కడివాళ్లు వలసొచ్చిన దొంగలంటారు, నాంచారమ్మ పిన్ని ఇంకెప్పుడూ విస్తరి వెయ్యకపోవచ్చు. ఇతనికైతే బతుకే పోతుంది.

"వచ్చినాయి! వచ్చినాయి చూడండప్పా!" అని గాళెప్ప కేకేశాడు.

అందరూ గోడ మీదికి వంగారు. ఎనిమిదీ నలభై అయిదు. నీళ్లు పరుగెత్తుకు రాలేదు. నురుగూ గడ్డిపరకలూ చచ్చిన మిడతలూ ముందు తోసుకుంటూ, బీట దగ్గర ఆగి, దాన్ని గుటగుటా నింపి, మళ్లీ ఒక బారెడు ముందుకు జరిగి, ఇంకో బీట దగ్గర ఆగుతూ వస్తున్నాయి. వాటి వెంట రెండు కొంగలు, బయటపడ్డ పురుగుల్ని ఏరుకుంటూ, నడకలో నడక కలుపుకుని వస్తున్నాయి. వెంకటరత్నం కన్నార్పకుండా చూశాడు. ఇంత నెమ్మదిగా వచ్చేదాన్ని తను ఒక్క పెన్సిలు గీతతో పద్నాలుగు మైళ్లు దాటించేశాడు.

"ఈయప్ప చెప్పినట్టే వచ్చిందే!" అంది తిమ్మమ్మ. "గడియారంలో కూసున్నావేమప్పా నువ్వు?"

గాళెప్ప డబ్బా తీసుకుని దిగాడు. మొదటి నీళ్లు మురికిగా ఉన్నాయి. కాసేపు ఆగమన్నాడు ఉచ్చెంగెప్ప, తేరుకోనీ అని. వెంకటరత్నం అతని పక్కకి జరిగి గొంతు తగ్గించాడు.

"శ్రావణంలో మూడు రోజులు నీ గేజి ఆరంగుళాలే చూపించింది."

"ఊ. తొమ్మిదీ పదీ ఇడిచిన నీళ్లు. మళ్లా పదమూడుది."

"నీళ్లు ఎటు పోయాయో నీకు తెలుసా?"

ఉచ్చెంగెప్ప కాలవకేసి చూస్తూ వేరుశెనక్కాయ వలిచాడు. "తెలీకేమి. నీళ్లు రాకపోతే కాలవెంబడి నడిచి చూస్తాము కదా. ఎనిమిదో మైలు కాడ గట్టుకి గొట్టం పెట్టిండ్రి. మీ చిన్నాయనోళ్లే."

"మరి ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఎవరడిగిరి? గేజి ఎంతుండాదో రాయమనిరి, రాస్తి. యాడ పోయినాయో రాసేకి మీ చీటీలో గడి ల్యాకపాయె." గింజలు నోట్లో వేసుకున్నాడు. "ఇంగ ఈ పొద్దు చెప్పేకి నాకు మనసు రాలే. నన్ను ఇడిపించేకి నువ్వొస్తాంటివి, నీ ఇంటి మాట నేనెట్ల చెప్పేదప్పా?"

వెంకటరత్నం కాలవకేసే చూస్తూ అన్నాడు. "ఆ పట్టిక గీసింది నేనే ఉచ్చెంగెప్పా. నువ్వు దొంగవని చూపించింది నేనే."

వలిచే చెయ్యి ఆగింది. ముసలాయన అతని మొహంకేసి, గోడ మీద పరిచిన కాగితంకేసి, ఎర్రగుర్తులకేసి చూశాడు. తర్వాత పొట్లం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. "బస్సు ఎక్కుదాం," అన్నాడు. ఈసారి అప్పా అనలేదు.

తర్వాతి దారంతా అతను వెనక సీట్లో, ఇతను ముందు సీట్లో. బస్సు గతుకుల్లో పడి లేస్తుంటే వెంకటరత్నం పట్టికను ఒళ్లో పరుచుకుని, దేశనూరు వరస పక్కన మిగిలిన అంచు మీద రూళ్లకర్ర లేకుండానే ఇంకో నిలువు గీత గీశాడు. గీత వంకరపోయింది. అన్నిటికంటే పై గడిలో 'నీళ్లు ఎటు పోయినవి' అని రాశాడు. దాని కింద ముప్పై ఒక్క గడుల్లో ఇరవై ఎనిమిది ఖాళీగా వదిలేశాడు. మూడింటి దగ్గర పెన్సిలు ఆగింది, మొన విరిగింది, చెక్కుకున్నాడు, మళ్లీ ఆగింది. బళ్లారి గుట్ట కనిపించేదాకా ఆగే ఉంది. గుట్ట కనిపించాక రాశాడు.

పదకొండూ పదికి ఇంజనీరు చీలికను ఒక వేలితో కిందికీ పైకీ జరిపి చూశాడు. జరిపిన ప్రతిసారీ మొహం మారింది. బయట బెంచీ మీద ఉచ్చెంగెప్ప దగ్గు వినిపిస్తోంది. ఇంజనీరు బల్ల మీదున్న బర్తరఫు ఉత్తర్వు తీసి, సంతకం చెయ్యకుండానే పక్కన పెట్టాడు. అప్పుడు వంకర గీత వేసిన కొత్త వరస కనబడింది. మూడు గడుల్లోనూ ఒకే పేరు. దాని మీద వేలు పెట్టాడు.

"యారు ఈ పున్నయ్య?"

"మా బాబాయండి," అన్నాడు వెంకటరత్నం. "పొలం సర్వే నంబరు కూడా రాయమంటారా?"